నాలుగో బొమ్మ

కృష్ణానగర్‌లో సినిమా సెట్లకు సామాను అద్దెకిచ్చే గోడౌన్ ఒకటి నాకు పరిచయం. చెక్క సింహాసనాలు, అట్ట కత్తులు, పలకని రేడియోలు, తిప్పుడు టెలిఫోన్లు, ఒక మూల పెళ్ళిపందిరి స్తంభాలు. గోడకు ఆనించి పటాల కట్టలు. దేవుళ్ళది ఒక కట్ట. దండ వేయడానికి సిద్ధంగా ఉన్న తాతలూ నాయనమ్మలూ ఒక కట్ట. వాళ్ళు ఎవరి తాతలో, ఎన్ని సీరియళ్ళలో ఎందరు మనవళ్ళను ఆశీర్వదించారో లెక్క లేదు. మూడో కట్ట మీద సున్నంతో ‘దొర బంగళా’ అని రాసి ఉంటుంది. ఆ కట్టలో ఎప్పుడు చూసినా రెండు ఇంగ్లీషు బొమ్మలు కనిపిస్తాయి. ఎర్రకోట్లు, నల్లటోపీలు, చేతిలో బాకా, మచ్చల కుక్కల మంద, పొదల కంచె మీంచి దూకుతున్న గుర్రం.

కళాదర్శకుడైన నా మిత్రుడి వెంట మొన్న అక్కడికి వెళ్ళినప్పుడు ఆ బొమ్మలనే బేరమాడుతున్నారు. గోడౌన్ యజమాని ఈ పనిలో ముదిరినవాడు. “జమీందారు హాలంటే మూడే ఐటమ్స్ సార్. జింకతల, గ్రామఫోను, ఈ గుర్రాల బొమ్మ. మూడూ పడితే ఇంక డైలాగే అక్కర్లేదు” అన్నాడు.

“వీళ్ళు దేన్ని తరుముతున్నారో తెలుసా?” అన్నాను.

“తరమడమేంటి సార్, రేసు కదా?”

నక్కవేట అని చెప్పాను. ఆయన పటాన్ని వెలుతురులోకి తెచ్చి, కళ్ళజోడు పైకి తోసి, మూలమూలా వెతికాడు. రెండో పటాన్నీ వెతికాడు. “మరి నక్కేది సార్?”

లేదు. రెంటిలోనూ లేదు.

ఇలాంటి బొమ్మలు ఇంగ్లండులో సాధారణంగా నాలుగేసి ఒక సెట్టుగా అమ్మేవారు. హెన్రీ ఆల్కెన్ (1785–1851) లాంటి చిత్రకారులు వేసినవాటిని రాగిరేకు మీద అక్వాటింట్ పద్ధతిలో అచ్చుతీసి, ఒక్కొక్క కాగితానికీ చేత్తో రంగులద్దేవారు. మొదటి బొమ్మ కూడిక: పెద్దింటి ముందు గుర్రాలు, కుక్కలు, పలకరింపులు. రెండోది పొద తట్టడం: కుక్కలు గుబురులోకి దూరి నక్కను లేపుతాయి. మూడోది తరుము: మైదానం మీద పరుగు, కంచెల మీంచి దూకుళ్ళు, ఒకరిద్దరు బురదలో పడటం. నాలుగోది చావు. వేటగాడు నక్కను తలమీదికెత్తి పట్టుకుంటాడు, చుట్టూ కుక్కలు ఎగురుతుంటాయి. ఆ తర్వాత తల, తోక, పాదాలు బహుమతులుగా పంచుకుంటారు. వేటకు మొదటిసారి వచ్చిన పిల్లల బుగ్గలకు ఆ నెత్తురు పూసే ఆచారమూ ఉండేది.

రెండు శతాబ్దాలు గడిచేసరికి సెట్లు విడిపోయాయి. మొదటిదీ మూడోదీ ప్రపంచమంతా తిరిగాయి. భోజనబల్ల మీది చాపల మీదికి, బిస్కెట్ డబ్బాల మీదికి, హోటళ్ళ బార్ గోడల మీదికి, అక్కడినుంచి మన ‘దొర బంగళా’ కట్టలోకి వచ్చాయి. నాలుగోది వెనకబడింది. నేను తూకం వేయదలచుకున్నది ఈ వెనకబాటునే. వేట బొమ్మను గోడకు వేలాడదీయడం తప్పా, కాదా అన్నది పైకి కనిపించే తగువు. అసలు తగువు ఏ బొమ్మను వేలాడదీస్తున్నాం, దేన్ని గోడౌన్‌లో వదిలేస్తున్నాం అన్నది.

ముందు ఆ బొమ్మల పక్షాన చెప్పుకోవలసింది చాలా ఉంది. జార్జ్ స్టబ్స్ (1724–1806) అనే ఆయన లింకన్‌షైర్‌లో హార్క్‌స్టో అనే పల్లెలో ఏడాదిన్నర పాటు గుర్రాల కళేబరాలను వేలాడగట్టి, పొరపొరా తోలు ఒలిచి, కండ కోసి, ఎముక దాకా గీసుకున్నాడు. ఆ కంపులో కూర్చుని గీసినవి 1766లో గుర్రం శరీరనిర్మాణం మీద పుస్తకంగా వచ్చాయి. ఇంగ్లండులో చిత్రకళ అంటే గ్రీకు దేవతలూ రాజుల పటాలూ అని పెద్దలు తీర్పు చెప్పిన రోజుల్లో గుర్రాన్నీ కుక్కనూ ఇంత శ్రద్ధగా చూసినవాడు లేడు. ఇంకో మాట. ఆ పెద్దల పటాలలో పనివాళ్ళు కనిపించరు, కనిపించినా మసకలో ఉంటారు. వేట, పందెం బొమ్మలలో గుర్రపువాడు, కుక్కలు కాసేవాడు, లాయం కుర్రాడు ముందువరసలోకి వస్తారు. 1799లో న్యూమార్కెట్ పందెంలో ఒళ్ళు హూనమైన హాంబుల్టోనియన్ అనే గుర్రాన్ని స్టబ్స్ మరుసటేడు చిత్రించాడు. ఆ పటంలో యజమాని లేడు. చచ్చేంత అలసిన గుర్రం, దాన్ని పట్టుకున్న మనిషి, తుడిచే కుర్రాడు, అంతే. ఆ ఇద్దరూ నేరుగా మన కళ్ళలోకి చూస్తారు. యజమాని కోరి వేయించుకున్న బొమ్మలో యజమాని లేకుండా వేయడం చిన్న సంగతి కాదు.

కాబట్టి ఇవి అలంకారానికి పనికొచ్చే చవకబారు బొమ్మలని కొట్టిపారేయలేను. కొట్టిపారేసేవాళ్ళు సాధారణంగా స్టబ్స్‌ను చూడలేదు, బిస్కెట్ డబ్బానే చూశారు.

అయితే శ్రద్ధగా చూడటమూ నిజం చూడటమూ ఒకటి కావు. ఆ బొమ్మలన్నిటిలో పరుగెత్తే గుర్రానికి ముందుకాళ్ళు ముందుకీ వెనకకాళ్ళు వెనక్కీ చాపి ఉంటాయి, ఊయలగుర్రం లాగా. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి తీసి చూపించాడు: గుర్రం నాలుగు కాళ్ళూ నేలను వదిలేది అవి పొట్టకిందికి ముడుచుకున్నప్పుడే. అంటే, రోజూ గుర్రమెక్కే ఒక వర్గం, గుర్రం కోసం ప్రాణమిచ్చే ఒక వర్గం, తరాల తరబడి తప్పుడు కాళ్ళున్న బొమ్మలను గోడకు పెట్టుకుని అబ్బురపడింది. కాళ్ళ విషయంలోనే అలా ఉంటే, నక్క సంగతి ఎవరు పట్టించుకుంటారు?

నక్క సంగతి ఇది. కోళ్ళను, గొర్రెపిల్లలను ఎత్తుకుపోయే దొంగ కనుక చంపుతున్నామని వేటగాళ్ళ వాదన. రైతు వైపు నుంచి చూస్తే అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆటగా మారిన వేట ఆ వాదనకే ఎదురు తిరిగింది. 1753 నుంచి దాదాపు యాభై ఏళ్ళు క్వార్న్ వేటదళానికి పెద్దగా ఉన్న హ్యూగో మేనెల్ లెస్టర్‌షైర్‌లో వేగంగా పరుగెత్తే కుక్కలను పెంచి, వేటను గుర్రపుస్వారీ పోటీగా మార్చాడు. దాంతో నక్కలకు గిరాకీ పెరిగింది. నక్కలు పిల్లలు పెట్టడానికి పనిగట్టుకుని పొదలు నాటారు. చాలకపోతే లండన్‌లోని లెడెన్‌హాల్ బజారులో సంచీలో కట్టిన నక్కలను కొని తెచ్చి వదిలారు. దొంగను వదిలించుకోవాలనుకునేవాడు బజారుకెళ్ళి దొంగను కొనుక్కొస్తాడా? ఇక్కడ వేటగాళ్ళ వాదన ఓడిపోయిందనే నా లెక్క. అయితే అప్పుడు నాటిన పొదలూ పెంచిన కంచెలూ చాలాచోట్ల పచ్చగా మిగిలాయి, పిట్టలకు నీడయ్యాయి. అది కూడా రాసుకోవాలి.

చివరికి స్కాట్లండులో 2002లో, ఇంగ్లండు, వేల్స్‌లో 2004లో చట్టాలు వచ్చాయి. రెండోది 2005 ఫిబ్రవరి 18 నుంచి అమలైంది. కుక్కలతో నక్కను తరిమి చంపడం నేరం. బొమ్మలు మాత్రం గోడల మీదే ఉన్నాయి, వేలంపాటల్లో అమ్ముడుపోతూనే ఉన్నాయి.

ఇందులో మనకేం పని అనేవాళ్ళకు ఒక మాట. తెలుగులో ఇంగ్లండు నక్కా మన ఊరవతల ఊళపెట్టే నక్కా ఒకటే మాట. చిన్నదాన్ని వేరుగా చెప్పాలంటే గుంటనక్క అంటాం, అంతే. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ తమ నక్క దొరకక మన నక్కనే తరిమారు. మద్రాసు ప్రెసిడెన్సీ దొరలు ఎండాకాలం ఊటీ కొండలెక్కి, కుక్కలను పెంచి, ఎర్రకోట్లు వేసుకుని మన నక్క వెంటపడేవారు. కోస్తా, రాయలసీమ జిల్లాల దస్త్రాలన్నీ అప్పట్లో ఆ కొండమీది కచేరీకే చేరేవి. 1807లో లండన్‌లో అచ్చయిన ‘ఓరియంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్’ అనే పెద్ద పుస్తకంలో థామస్ విలియమ్సన్ గీతల ఆధారంగా శామ్యూల్ హోవిట్ వేసిన నలభై రంగుబొమ్మలున్నాయి. వాటిలో ఒకటి నక్కలవేట. ఆ పుస్తకంలో నాకు నచ్చేవి వేరే రెండు. ఒకదాంట్లో కుక్కలను కాసే మన మనుషులు కుక్కలను తీసుకొస్తుంటారు, ఇంకోదాంట్లో సైసులు గుర్రాలను నడిపించుకొస్తుంటారు. దొరలు ఇంకా రాలేదు. వేటకు ముందు తెల్లవారుజామున ఎవరి చేతులు పనిచేసేవో ఆ రెండు బొమ్మలు చెబుతాయి.

నక్క మీద మన భాష ఎప్పుడూ ఒక నిర్ణయానికి రాలేదు. నక్కజిత్తులంటాం, నక్కవినయాలంటాం, నాగలోకంతో పోల్చి నక్కను తక్కువచేస్తాం. మళ్ళీ అనుకోకుండా అదృష్టం పడితే పొద్దున్నే నక్కతోక తొక్కి వచ్చావా అని అడుగుతాం. కృష్ణానగర్‌లో ఒక్క సీన్‌తో పేరొచ్చిన కుర్రాణ్ణి చూసి తోటి జూనియర్ ఆర్టిస్టులు అనేది అదే మాట. తోక ఇంగ్లండులోనూ గొప్ప వస్తువే. తేడా ఒకటే: మన సామెతలో తోక తొక్కించుకున్న నక్క బతికే ఉంటుంది.

ఇక మన గడ్డ మీది అసలు వేటబొమ్మ దగ్గరికి వస్తాను. అది రంగుబొమ్మ కాదు, ఫోటో. 1902 వేసవిలో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చి వరంగల్ వైపు నెక్కొండ దగ్గర విడిదిచేసి పులులను వేటాడాడు. నెక్కొండ ఇప్పుడు వరంగల్ జిల్లాలో మండల కేంద్రం. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైల్లో ఎన్నోసార్లు దాటి ఉంటారు. ఆ వేటను రాజా దీన్‌దయాళ్ (1844–1905) స్టూడియో ఫోటోలు తీసింది. అందులో ఒకటి లోకమంతా తిరిగింది: కర్జన్, ఆయన భార్య, వాళ్ళ కాళ్ళ దగ్గర చచ్చిన పులి. ఆ కాలపు రాజరికానికి గుర్తుగా ఇవాళ్టికీ చరిత్ర పుస్తకాల్లో ఆ బొమ్మే వేస్తారు. నిజానికి అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా పెద్ద వేటగాడు. తీస్‌మార్ ఖాన్ అనే మాట ఆయన పులుల లెక్కను చూసే పుట్టిందని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ఫోటోను ఇంగ్లీషు బొమ్మల పక్కన పెట్టి చూడండి. ఇంగ్లండు గోడ మీద మొదటి మూడు బొమ్మలు మిగిలి నాలుగోది మాయమైంది. మనదగ్గర నాలుగోదే మిగిలి మొదటి మూడూ మాయమయ్యాయి. అక్కడ జంతువు కనిపించదు. ఇక్కడ జంతువు తప్ప మరేదీ కనిపించదు.

అలా ఎందుకైందో ఆలోచిస్తే సగం కారణం కెమెరాలో ఉంది. 1902 నాటి పెట్టెకెమెరాతో, గాజుపలకతో, అడవిలో దూకే పులిని పట్టడం కుదిరే పని కాదు. చచ్చిన పులి కదలదు. దాని పక్కన నిలబడ్డ దొర కూడా కదలడు. దీన్‌దయాళ్ మీద నాకు ఫిర్యాదు లేదు. వెలుతురు ఎటునుంచి పడాలో, మనిషి ఎలా నిలబడాలో అంత తెలిసిన చేయి ఈ దేశంలో అప్పటికి అరుదు. ఆంగ్ల చిత్రకారుడు తరుమును ఊహించి వేయగలిగాడు; ఈయన ఉన్నదే తీయాలి.

మిగతా సగం కారణం అంత అమాయకమైనది కాదు. రాజరికపు పులివేటలో మొదటి మూడు బొమ్మలుంటే ఎలా ఉండేవో మనకు తెలుసు. మొదటిదాంట్లో ఒక దున్నదూడను ఎరగా చెట్టుకు కట్టేస్తారు. రెండోదాంట్లో మంచె కడతారు. మన పొలంలో పిట్టలు తోలడానికి కట్టే మంచే, పులి పేరు చెప్పి దొరకోసం కొంచెం ఎత్తుగా. మూడోదాంట్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వరసగా నిలబడి, డప్పులు కొట్టుకుంటూ, అరుచుకుంటూ అడవిని తోలుకొస్తారు. హాంకా అనేవారు. చేతిలో కర్ర తప్ప ఏమీ లేనివాడు పులికి వెనకనుంచీ, తుపాకీ ఉన్నవాడు ఎత్తైన మంచె మీదనుంచీ వేటాడే పద్ధతి ఇది. నిజాం రాజ్యంలో పెద్ద అధికారి ఊరికొస్తే మోతలూ సేవలూ వెట్టిగా చేయవలసిన రోజులవి. వెట్టిని ఆపమని ఆంధ్రమహాసభ తీర్మానాలు చేయడానికి ఇంకా పాతికేళ్ళకు పైగా ఉంది. డప్పుకొట్టినవాడు ఫోటోలో ఉంటే, పులిని చంపింది ఎంతమందో తెలిసిపోతుంది. ఒక్క తుపాకీ పక్కన ఒక్క దొర నిలబడితేనే ఆ బొమ్మకు అర్థం.

ఇంగ్లండు గోడ చావును దాచిపెట్టి పరుగును చూపింది. మన గోడ పరుగును దాచి చావును చూపింది. దాపరికం రెండుచోట్లా గోడ యజమానికే లాభం.

మా పెదబావగారు అటవీశాఖలో రేంజరుగా పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు మధురానగర్‌లో ఉంటారు. ఈ సంగతులు చెబితే ఆయన ఒప్పుకోలేదు. “ఇవన్నీ కబుర్లయ్యా. ఆ ఫోటోను ఏ పేరు పెట్టి చూపినా పిల్లాడు తుపాకీ వైపు నిలబడతాడు కానీ పులివైపు నిలబడడు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చూశాను. గెస్ట్‌హౌస్‌లో పులితోలు కనిపిస్తే దాని తలమీద కాలుపెట్టి ఫోటో దిగనివాడు లేడు. తీసి లోపల పెట్టండి” అన్నారు.

ఆయన మాటకు బరువుంది. అనుభవంతో అన్న మాట కూడా. బొమ్మ తనంతట తాను నీతి చెప్పదు, చూసేవాడు ఎక్కడ నిలబడదలచుకుంటే అక్కడ నిలబడనిస్తుంది. అయినా లోపల పెట్టడం దగ్గర నేను ఆగిపోతాను. మన దేశంలో చీతా ఉండేదనడానికి, ఎలా పోయిందనడానికి జనం ఎక్కువగా చూపే ఆధారం 1947 నాటి ఒక వేటఫోటోనే: కొరియా సంస్థానపు రాజు, ఆయన ముందు వరసగా మూడు చచ్చిన చీతాలు. 1952లో మన దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. గొప్ప కోసం తీయించుకున్న ఫోటో నేరానికి సాక్ష్యమైంది. దాన్ని లోపల పెట్టి ఉంటే సాక్ష్యం పోయేది.

పెదబావగారు ఇంకో మాట ఒప్పుకోక తప్పలేదు, అదీ కొంచెం చిరాకుగానే. హైదరాబాదు అంచున వనస్థలిపురం దగ్గర కృష్ణజింకలు తిరిగే మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. పోచారం అడవీ అంతే. వేటకోసం దాచిన అడవి కనుకనే అది ఇళ్ళ ప్లాట్లు కాకుండా మిగిలింది. నెక్కొండకు దగ్గర్లోని పాకాల చెరువు చుట్టూ అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. లెస్టర్‌షైర్ పొదల కథే మన దగ్గరా జరిగింది. “మిగిల్చింది జింక మీద ప్రేమతో కాదుగా” అన్నారాయన. కాదు. కట్టెలకోసం అడుగుపెట్టిన పల్లెజనాన్ని వెళ్ళగొట్టి మిగిల్చారు. ఆ లెక్క కూడా ఆ అడవి పేరుమీదే ఉండాలి.

మన పాత బొమ్మలూ కథలూ ఈ తూకంలో ఎటు మొగ్గుతాయో చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మన కవులు వేటను తక్కువ ఇష్టంగా రాయలేదు. పెద్దన స్వరోచిని వేటకు పంపినప్పుడూ, ధూర్జటి తిన్నడి చేతికి విల్లిచ్చినప్పుడూ పద్యం పరుగు అందుకుంటుంది. చదివేవాడి ఒళ్ళూ ఝల్లుమంటుంది. లేదనడం అబద్ధం. ఏడు వ్యసనాల్లో వేటను చేర్చిన పెద్దలే రాజుకు వేట వినోదమని మళ్ళీ అన్నారు. అయితే కథ దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళు నాలుగో బొమ్మను వదిలిపెట్టలేదు. దశరథుడు చీకట్లో కడవ నిండే చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. పాండురాజు జింకను కొట్టాననుకుంటే అది ముని. పరీక్షిత్తు వేటలో దప్పికగొని వెళ్ళి మౌనంగా ఉన్న ముని మెడలో చచ్చిన పామును వేశాడు. ముగ్గురికీ శాపాలే. వేట వర్ణన ఎంత అందంగా సాగినా, బాణం ఎవరికి తగిలిందో చూడటానికి కథ ఆగుతుంది.

లేపాక్షి వీరభద్రాలయంలో, పదహారో శతాబ్దంలో అచ్యుతరాయల కాలాన విరూపణ్ణ కట్టించిన మండపం కప్పు మీద కిరాతార్జునీయం బొమ్మలున్నాయి. తల వెనక్కి వాల్చి, మెడ నొప్పెట్టేదాకా చూడాలి. తపస్సులో అర్జునుడు, ఎరుక వేషంలో శివపార్వతులు, అడవిపంది, దాని కోసం తగువు, చివరకు పాశుపతం. సెట్టు మొత్తం ఉంది: కూడిక, తరుము, చావు, చావు తర్వాతి సంగతి కూడా. కొట్టినదెవరు అన్న తగవే అక్కడ కథ. అందులోనూ ఒక తిరకాసు లేకపోలేదు. ఆ పంది మూకాసురుడు. రాక్షసుడు కనుక చంపినా పాపం లేదు. ఇంగ్లీషువాడు నక్కను దొంగ అన్నట్టే మనవాడు పందిని రాక్షసుణ్ణి చేశాడు. చావుకు సాకు వెతకడంలో ఇద్దరికీ చుట్టరికం ఉంది.

మళ్ళీ కృష్ణానగర్. ఇప్పుడు తెలుగు సినిమాలో వేటసీను తీయడం మునుపటి పద్ధతి కాదు. 2001 నాటి నిబంధనల ప్రకారం కెమెరా ముందుకు ఒక గుర్రం రావాలన్నా, కుక్క రావాలన్నా జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు, అనుమతి ఉండాలి. అందుకే 2017లో వచ్చిన బాహుబలి రెండో భాగంలో పందులవేటకు పందులు కంప్యూటర్లో పుట్టాయి. పులి దొరకదు, దొరికినా చూపకూడదు. నక్కకూ వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. బతికున్న జంతువుకు ఇన్ని కాగితాలు. గోడమీది వేటకు ఏ కాగితమూ అక్కర్లేదు. దొర బంగళా సెట్టులో, అమీర్‌పేట సారథి స్టూడియో అయినా మరోటైనా, హీరోయిన్ తండ్రి చుట్ట కాలుస్తూ నిలబడే చోట వెనకాల ఎర్రకోట్లు ఎగురుతూనే ఉంటాయి.

నా మిత్రుడి వాదన సూటిగా ఉంటుంది. “సెట్టుకు నిజం అక్కర్లేదు, గుర్తు చాలు. ప్రేక్షకుడికి రెండు సెకన్లలో ‘వీడు డబ్బున్నవాడు, దొరలతో తిరిగినవాడు’ అని తెలియాలి. ఈ బొమ్మ ఆ పని చేస్తుంది. తెలంగాణ దొర గోడ మీద లెస్టర్‌షైర్ నక్కవేట ఉంటుందా అని నువ్వొక్కడివే అడుగుతావు.” పని తెలిసినవాడి మాట. వారంలో సెట్టు లేపి వారంలో పీకేసేవాణ్ణి కూర్చోబెట్టి కళాచరిత్ర చెప్పడం అన్యాయం.

కానీ ఆ బొమ్మ అతను అనుకున్నంత మూగది కాదు. అది డబ్బును మాత్రమే చెప్పడం లేదు. ఆ డబ్బు ఎంత హాయిగా, ఎవరికీ నొప్పి లేకుండా వచ్చిందో కూడా చెబుతోంది. పచ్చిక, పొగమంచు, నవ్వుతున్న ఎర్రబుగ్గలు. సినిమాలో ఆ దొరే వెట్టి చేయించే దుర్మార్గుడైతే, అతని వెనక గోడమీద ఉండవలసింది నాలుగో బొమ్మ. అతను మంచివాడైతే అసలు ఏ వేటా ఉండక్కర్లేదు. ఒక జింకతలకు పెట్టే ఆలోచన కూడా ఈ బొమ్మకు పెట్టకపోవడం నాకు నచ్చని సంగతి. కళాదర్శకత్వం అంటే గోడ నింపడం కాదని చెప్పేది మిత్రుడే, ఇంకెవరో కాదు.

అన్నీ చూశాక నా తీర్పు ఇది. వేటబొమ్మలను దాచొద్దు. విడదీయొద్దు. స్టబ్స్ గుర్రపువాణ్ణి చూపినట్టే, హోవిట్ కుక్కల కాపరిని చూపినట్టే, లేపాక్షి పందిని చూపినట్టే మొత్తం సెట్టు చూపాలి. నెక్కొండ ఫోటోను పెట్టే ఏ ప్రదర్శనశాల అయినా, ఏ పాఠ్యపుస్తకమైనా కింద ‘లార్డ్ కర్జన్, లేడీ కర్జన్, పులి’ అని రాసి ఊరుకోవద్దని నా విన్నపం. నెక్కొండ అని ఊరిపేరు రాయండి. ఎర, మంచె, హాంకా అంటే ఏమిటో రెండు వాక్యాలు రాయండి. డప్పు కొట్టినవాళ్ళ పేర్లు దొరకవు, వాళ్ళు ఉన్నారన్న సంగతైనా రాయండి. అప్పటికీ పిల్లాడు తుపాకీ వైపే నిలబడితే పెదబావగారు గెలిచినట్టు. నిలబడడని నా నమ్మకం, కనీసం ప్రతి పిల్లాడూ నిలబడడు.

ఆ రోజు బేరం కుదిరింది. రెండు పటాలూ గ్రామఫోనుతో కలిపి ఆటో ట్రాలీ ఎక్కాయి. వెళ్తూ వెళ్తూ గోడౌన్ యజమానిని అడిగాను, ఈ సెట్టులో నక్క ఉన్న బొమ్మ ఒకటి ఉంటుంది, తెప్పించి పెట్టకూడదా అని. ఆయన కాసేపు ఆలోచించి, ప్రింటు తీయించడం పెద్ద పనేమీ కాదన్నాడు. కానీ ఇన్నేళ్ళలో నక్క కావాలని అడిగిన సినిమా ఒక్కటీ రాలేదట.